నాన్న వంగితే మోగే ఫోను

ముందే ఒప్పేసుకుంటున్నాను. మా నాన్నకి నేనొక అబద్ధం చెప్పాను. నోరు జారి చెప్పింది కాదు, కూర్చుని ఆలోచించి, ఎక్కడ దొరికిపోతానో అన్నీ చూసుకుని మరీ చెప్పింది. ఆయన నడుముకి బిగించిన ప్లాస్టిక్ బెల్టులో సెన్సర్ ఉందనీ, ఆయన ఏమాత్రం వంగినా ఏలూరులో ఉన్న నా ఫోను మోగుతుందనీ చెప్పాను. అందులో సెన్సరూ లేదు, నా మొహమూ లేదు. గట్టి ప్లాస్టిక్కు, లోపల స్పాంజి, బిగించడానికి నాలుగు పట్టీలు. అంతే.

ఎందుకు చెప్పానో తెలియాలంటే ముందు మా నాన్న ఎలా కూర్చుంటాడో తెలియాలి.

మాది కొల్లేటికోట. మా నాన్న జోగయ్య పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ పడవ మీదే ఉన్నాడు. ఇప్పుడు చేపల చెరువుల్లో పని. కూర్చోవడమంటే ఆయనకి కాళ్లు మడిచి బాసింపట్టు వేసుకోవడమే. పడవలో అయినా, పెళ్లి పందిట్లో ప్లాస్టిక్ కుర్చీలో అయినా, బ్యాంకు మేనేజరు ఎదుట అయినా అదే. నా ఇంజినీరింగ్ కాలేజీ పట్టాల ఫంక్షనుకి వచ్చినప్పుడు ఏసీ హాల్లో మెత్తటి సీటు మీద కూడా అలాగే కూర్చున్నాడు. వెనకాయన స్టేజీ కనిపించక రెండు గంటలు మెడ సాచి చూశాడు, పాపం.

నేను కొన్న సెకండ్ హ్యాండ్ కారులోనూ అంతే. ఆ రోజు తాడేపల్లిగూడెంలో మా పెద్దమ్మ మనవరాలి ఓణీల ఫంక్షనుకి బయల్దేరాం. నాకింకా లైసెన్సు చేతికి రాలేదు కాబట్టి పెద్దమ్మ కొడుకు కృష్ణబాబు అన్నయ్య నడిపాడు. నేను ముందు సీట్లో. వెనక అమ్మా, పెద్దమ్మా. ఇద్దరికీ కారులో కడుపులో తిప్పుతుంది కాబట్టి కిటికీలు రెండూ వాళ్లవి. మధ్య సీటు నాన్నది. ఆ పాత కారులో మధ్య సీటుకి భుజం మీదుగా వచ్చే పట్టీ ఉండదు, ఒళ్లో అడ్డంగా వచ్చే బెల్టు ఒక్కటే.

"బెల్టు పెట్టుకో నాన్నా" అన్నాను.

"పెట్టుకున్నానమ్మా. నాకు చెప్పాలా, రోజూ కట్టుకునేదేగా" అన్నాడు.

రోజూ కట్టుకునేదంటే తువ్వాలు. చెరువులో దిగే ముందు మా వాళ్లు తువ్వాలు మడిచి బొడ్డు పైన బిగించి కడతారు. నడుముకి పట్టు ఉంటుందని. నాన్న కారు బెల్టు కూడా సరిగ్గా అక్కడే, అంత బిగువుగానే పెట్టుకున్నాడు. కాళ్లు మడిచి కూర్చున్నాడేమో, అది కిందికి దిగే దారే లేదు.

ఏలూరు దాటి హైవే ఎక్కాక ముందు వెళ్తున్న చేపల లారీ ఉన్నట్టుండి ఆగింది. దాన్నించి కారిన నీళ్లతో రోడ్డంతా తడి. అన్నయ్య బ్రేకు వేసినా కారు జారుకుంటూ వెళ్లి లారీ వెనక్కి గుద్దుకుంది. నాకు భుజం మీద ఒరుసుకుపోయింది. అన్నయ్య ముక్కు పగిలింది. అమ్మకీ పెద్దమ్మకీ భయం తప్ప ఏమీ కాలేదు. నాన్న బెల్టు మీదుగా రెండుగా మడుచుకుపోయి, మళ్లీ లేచి కూర్చున్నాడు.

"పొట్ట పట్టేసింది, అంతే" అని దిగి, ఊడిపోయిన చెప్పు కోసం రోడ్డు పక్కన నడిచాడు కూడా.

ఏలూరు ఆసుపత్రిలో డాక్టర్ స్టెల్లా గారు చొక్కా పైకెత్తి చూశారు. బొడ్డు పైన ఈ పక్క నుంచి ఆ పక్కకి ఎర్రగా కమిలిన గీత. తువ్వాలు కట్టుకునే చోటే.

"బెల్టు ఇంత పైకి ఎందుకుందండీ? మీరు ఎలా కూర్చున్నారు?" అని అడిగారు.

"బాగానే కూర్చున్నానండి" అన్నాడు నాన్న.

"ఆయన ఎప్పుడూ బాగానే కూర్చుంటారండి" అంది అమ్మ.

"కాళ్లు మడిచి, సీటు మీద, బాసింపట్టు వేసుకుని" అన్నాను నేను. అమ్మ నన్ను చూసిన చూపుంది చూశారూ, ఇంటి గుట్టు పోలీసులకి చెప్పినట్టు.

డాక్టరు గారి మొహం మారింది. "ఇక ఆయన్ని ఎవరూ లేపొద్దు. పక్కకి తిప్పాలన్నా మావాళ్లే తిప్పుతారు" అని చెప్పి, పొట్టకీ వెన్నుకీ స్కాను రాశారు.

పొట్టలో పేగులకి ఏమీ కాలేదు. వెన్నులో మాత్రం, నడుము మొదలయ్యే చోట ఒక ఎముక చీలింది. డాక్టరు గారు ఓపిగ్గా చెప్పారు. బెల్టు కింద, తుంటి ఎముకల మీద ఉంటే దెబ్బని ఆ ఎముకలు కాసుకుంటాయట. పొట్ట మీద ఉంటే ఆపడానికి అక్కడ ఎముకే లేదు. మనిషి బెల్టు చుట్టూ మడుచుకుపోతాడు, వెన్ను వెనక నుంచి తెరుచుకుంటుంది.

"అంటే ఎండబెట్టడానికి చేపని వీపు వైపు కోసినట్టన్నమాట" అన్నాడు నాన్న పడుకునే.

డాక్టరు గారు "అదేనండి" అన్నారు.

"అయితే ఈ దిక్కుమాలిన బెల్టు పెట్టుకోకపోతే పోయేది కదండీ" అంది అమ్మ.

"పెట్టుకోకపోతే మనిషే పోయేవారండి. మధ్య సీట్లోంచి అద్దంలోకి వెళ్లేవారు. బెల్టు మంచిదే. అది ఉండాల్సిన చోట లేదు."

అదృష్టం ఏంటంటే నరాలు బాగున్నాయి. చీలిక ఎముకలోనే ఉంది కాబట్టి అతుక్కునే అవకాశం ఉంది, ఆపరేషను వెంటనే అక్కర్లేదు. కొలతలు తీసి గట్టి బెల్టు చేయిస్తారు. మూడు నెలలు అది వేసుకుని నడుము వంచకుండా ఉండాలి. వంచితే చీలిక తెరుచుకుంటుంది. అప్పుడు స్క్రూలూ, రాడ్లూ. అశ్రద్ధ చేస్తే కాళ్లే పోవచ్చు. ఆ చివరి మాట డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచి చెప్పారు. నాన్న చెవులు పాము చెవులు, వినే ఉంటాడు.

"పడవెక్కొచ్చాండీ?" అని అడిగాడు.

"వంగకుండా పడవెక్కడం మీకొస్తే నాకూ నేర్పండి" అన్నారు డాక్టరు గారు.

ఇంటికొచ్చాక అర్థమైంది, మా నాన్న బతుకంతా వంగడమేనని. వల తీయడానికి వంగాలి, పడవ తోయడానికి వంగాలి. ఏ పనీ లేకపోయినా గట్టు మీద గడ్డిపరక పీకడానికి వంగాలి. "ఒక బెల్టు నడుం విరగ్గొట్టింది, ఇంకో బెల్టు కదలనివ్వట్లేదు. వీటికీ నాకూ ఏ జన్మలో పగో" అని గొణుక్కునేవాడు. నేను సెలవు పెట్టి పక్కనే ఉన్నన్నాళ్లూ కాపలా కాశాను. సెలవు అయిపోయింది. నాది హైదరాబాద్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. కొల్లేటిలో నెట్ వచ్చిపోతూ ఉంటుంది కాబట్టి ఏలూరులో గది తీసుకుని అక్కడి నుంచి పని చేస్తాను. వెళ్లక తప్పదు. అమ్మ చూసుకుంటుందా అంటే, నాన్న "సత్యవేణీ, ఒక్కసారి" అంటే చాలు, వంగడానికి సాయం పట్టేది కూడా ఆవిడే.

అందుకని బయల్దేరే రోజు బెల్టు బిగిస్తూ చెప్పాను.

"ఇందులో సెన్సర్ ఉంది నాన్నా. వంగితే నా ఫోను మోగుతుంది."

"ఎక్కడుంది?"

"లోపల."

"మరి చార్జింగో?"

"నీ ఒంటి వేడితోనే ఎక్కేస్తుంది."

బెల్టుని వేలితో కొట్టి చూశాడు. "ఎంత వంగితే మోగుతుంది?"

"ఎంత వంగుదామని నువ్వు?"

"నాకూ ఒకటి పెట్టించవే" అంది అమ్మ గిన్నెలు తోముతూ. "నేనిక్కడ రోజంతా ఎన్నిసార్లు వంగుతానో మీ నాన్న ఫోనులో మోగాలి."

నా సెన్సర్ పేరు పాపమ్మత్త. మా ఎదురిల్లే. రోజంతా అరుగు మీద రొయ్యలు వలుస్తూ కూర్చుంటుంది. మా అరుగూ, వాకిలీ, పడవ కట్టే రేవూ అన్నీ అక్కడి నుంచి కనిపిస్తాయి. "నాన్న వంగితే నాకొక మిస్డ్ కాల్ ఇవ్వు అత్తా, మాట్లాడక్కర్లేదు" అని చెప్పాను. "రొయ్యల చేతులతోనా?" అంది. చిటికెన వేలితో నొక్కమన్నాను. ఒప్పుకుంది.

సిస్టం అద్భుతంగా పనిచేసింది. మర్నాడే మోగింది.

"నాన్నా, వంగావా?"

"లేదే."

"నాన్నా."

"చెప్పు కింద పడిందమ్మా. కొంచెమే."

"అమ్మ లేదా? కర్ర లేదా? నీ నడుము కంటే చెప్పు ఎక్కువా?" అని నేను మొదలుపెడితే ఆయన ఊఁ కొడుతూ విన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లు మోగలేదు. ఒకరోజు ఆయనే చేశాడు.

"పెరట్లో వంగాను, నీ ఫోను రాలేదేం?"

"ఎందుకు వంగావు?"

"ఊరికే. పనిచేస్తోందో లేదో చూద్దామని."

టెస్టరు ఉద్యోగం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రోజు తెలిసింది. "పెరట్లో సిగ్నల్ ఉండదు నాన్నా. అయినా ఎముకకి సిగ్నల్ అక్కర్లేదు, అది ఎక్కడైనా విరుగుతుంది" అన్నాను. నమ్మాడనే అనుకున్నాను.

మూడో నెల మొదలయ్యాక ఫోను మోగడం ఎక్కువైంది. మొదట రోజుకొకసారి. తర్వాత మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. నేను ప్రతిసారీ మీటింగులోంచి బయటికొచ్చి తిట్టడం, ఆయన "సరేనమ్మా, ఇక వంగను" అనడం, మళ్లీ మోగడం. నిద్రలో కూడా స్క్రూలూ రాడ్లే కనిపించేవి. మూడు నెలలయ్యాక తీసే ఎక్స్‌రేకి ఇంకా టైముంది. ఈలోపు ఈయన ఇన్నిసార్లు వంగితే ఎముక ఇంకెక్కడ అతుక్కుంటుంది? ఒకరోజు మీటింగు మధ్యలో మళ్లీ మోగింది. కెమెరా ఆపేసి, బ్యాగు తీసుకుని బస్సెక్కేశాను. ఫోన్ చేయలేదు. ఈసారి ఎదురుగా నిలబడి తిట్టాలని.

ఆటో దిగి మా వీధి మలుపు తిరిగేసరికి నాన్న కనిపించాడు. పాపమ్మత్త అరుగు స్తంభానికి వీపు ఆనించి, కొలబద్దలా నిటారుగా నిలబడి ఉన్నాడు. వంగడం మాట అటుంచి, తల కూడా తిప్పట్లేదు.

"ఇంకోసారి కొట్టు అక్కా" అంటున్నాడు.

"ఇందాకే కొట్టాను కదా తమ్ముడూ. పిల్ల పనిలో ఉందేమో. ఇంక చాలు."

"ఎప్పుడూ వెంటనే చేస్తుందే. ఒక్కసారి కొట్టు."

పాపమ్మత్త చిటికెన వేలితో నొక్కింది. నా బ్యాగులో ఫోను మోగింది.

ఇద్దరూ ఇటు తిరిగారు. నాన్న మాత్రం ఒళ్లంతా తిప్పుకుని, స్తంభంతో సహా తిరుగుతున్నాడా అన్నట్టు తిరిగాడు.

"సెన్సర్ బాగానే పనిచేస్తోందమ్మా" అన్నాడు.

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"మొదటి రోజు నుంచే" అంది పాపమ్మత్త. "నేనే చెప్పాను. ఎదురింటి మనిషి మీద ఆయనకి తెలియకుండా చాడీలు చెప్పడం పాపం కదమ్మా. నీ మీద చాడీలు చెప్పే పని ఒప్పుకున్నాను తమ్ముడూ, ఏమీ అనుకోకు అని చెప్పేశాను."

"మరి వంగకుండానే ఇన్ని కాల్సు ఎందుకు ఇప్పిస్తున్నావు నాన్నా? నా ప్రాణం పోతోంది అక్కడ."

పాపమ్మత్త రొయ్యల చిప్ప తీసుకుని, కడిగే పని ఉన్నట్టు లోపలికి వెళ్లిపోయింది. వలవాల్సినవి ఇంకా సగం ఉన్నాయి.

"వంగాను" అన్నాడు నాన్న అప్పుడు. "ఒక్కసారి. నిజంగా."

మూడో నెల మొదట్లో గాలి గట్టిగా వచ్చిన రోజు రేవులో పడవ తాడు ఊడిందట. పడవ జారిపోతోంది. పాపమ్మత్త కైకలూరు సంతకెళ్లింది, అమ్మ ఇంట్లో ఉంది. చూస్తూ ఊరుకోలేకపోయాడు. వంగి తాడు అందుకున్నాడు. నడుము దగ్గర టక్‌మని చప్పుడైంది.

"నొప్పొచ్చిందా?"

"తెలియలేదు. భయమేసింది, నొప్పి ఉందో లేదో చూసుకోలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఆసుపత్రి అంటావు. అక్కడికెళితే ఫోటో తీస్తారు. తీస్తే తేలిపోతుంది."

"తేలనీ."

"తేలనంత వరకూ నాకు కాళ్లున్నట్టే కదమ్మా."

నేను అరుగు మీద కూర్చుండిపోయాను. ఆయన వంగకుండా అంత కిందికి కూర్చోలేడు కాబట్టి నిలబడే ఉన్నాడు. చిన్నప్పుడు ఆయన పడవలో కూర్చుని ఉంటే నేను నిలబడి ఆయన నెత్తి చూసేదాన్ని. ఇప్పుడు కింది నుంచి చూస్తుంటే గడ్డం కింద తెల్ల వెంట్రుకలు కనిపిస్తున్నాయి.

"మరి ఆ కాల్స్ ఏంటి?"

"మామూలుగా ఫోన్ చేస్తే తిన్నావా, మందులేసుకున్నావా అని పెట్టేస్తావు. ఇదైతే బాగా తిడతావు. నువ్వంత గట్టిగా తిడుతుంటే నాకేం కాలేదులే అనిపించేది. నిజంగా ఏమన్నా అయిన మనిషిని ఎవరైనా అలా తిడతారా?"



"కాలి వేళ్లు కదుపు" అన్నాను. కదిపాడు. పది వేళ్లూ, ఒక్కోటీ వేరువేరుగా, ఎప్పటి నుంచో చాటుగా ప్రాక్టీసు చేస్తున్నవాడిలా కదిపాడు. అది చూసేసరికి ఇక నాకు తిట్టడానికి ఏమీ మిగల్లేదు.

డాక్టర్ స్టెల్లా గారికి ఫోన్ చేశాను. తిమ్మిరి ఉందా, ఒంటికి వెళ్తున్నారా, నడవగలుగుతున్నారా అని అడిగి, ఏదైనా సరే పడుకోబెట్టే తీసుకురమ్మన్నారు. అంబులెన్సు వచ్చేసరికి వీధి వీధంతా బయటికొచ్చింది. నాన్న పడుకుని అందరికీ చెయ్యి ఊపాడు. అమ్మ ఏడుస్తూనే దుప్పటి మడత సరిచేసింది. పాపమ్మత్త చేతులు కడుక్కుని, ఎవరూ రమ్మనకుండానే ఎక్కి కూర్చుంది.

దారిలో నాన్న పైకప్పు చూస్తూ ఒక్కటే అడిగాడు.

"ఒకవేళ తెరుచుకుని ఉంటే, ఆపరేషను చేస్తే సరైపోతుందా?"

"చాలామందికి అవుతుంది."

"అందరికీ అని చెప్పొచ్చు కదమ్మా."

"ఇంక నీకు అబద్ధం చెప్పను నాన్నా."

"ఈ ఒక్కటీ చెప్పి మానెయ్."

ఆయన చెయ్యి పట్టుకున్నాను. తాళ్లు లాగీ లాగీ కాయలు కాసిన చెయ్యి. చెప్పలేదు. ఆయనా మళ్లీ అడగలేదు. చెయ్యి మాత్రం ఏలూరు వచ్చేదాకా వదల్లేదు.

ఎక్స్‌రే తీశారు. డాక్టరు గారు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నారు. తర్వాత ఆవిడ లేచి, పడుకోబెట్టి తీసి పక్కన పెట్టిన బెల్టు చేతిలోకి తీసుకున్నారు. తిప్పి తిప్పి చూసి, ఎడమ పక్క స్పాంజి పైకి లేపారు. ప్లాస్టిక్కు అడ్డంగా చిట్లి ఉంది.

"మీరు విన్న టక్ ఇదండి జోగయ్య గారూ. విరిగింది ఇది. మీ ఎముక జరగలేదు. అతుక్కుంటోంది."

నాన్న కళ్ల చివర్ల నుంచి నీళ్లు చెవుల్లోకి జారుతున్నాయి. పడుకున్న మనిషి ఏడిస్తే అంతే కదా, అటే వెళ్తాయి. అమ్మ కొంగుతో రెండు చెవులూ తుడిచింది.

"అయితే ఇక వంగొచ్చాండీ?" అన్నాడు.

"వంగకూడదండీ. కొత్త బెల్టు చేయిస్తాను. ఇది విరిగి మిమ్మల్ని కాపాడింది. ఇంకోసారి పడవ పోతే పోనివ్వండి."

"ఈసారి దాంట్లో నిజం సెన్సర్ ఏదన్నా పెట్టించండి డాక్టరు గారూ" అంది పాపమ్మత్త. "నాకు రొయ్యలు తెమలట్లేదు."

"సెన్సరా?" అని డాక్టరు గారు నా వైపు చూశారు. నేను గోడ మీద ఉన్న వెన్నెముక బొమ్మని చాలా శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను.

"ఉందిలెండి ఒకటి" అన్నాడు నాన్న. "ఏలూరులోనే ఉంటుంది. కాస్త ఎక్కువ అరుస్తుంది. అదే ఉంచండి."

ఇప్పుడు ఎవరూ మిస్డ్ కాల్ ఇవ్వక్కర్లేకుండా రోజూ మధ్యాహ్నం నేనే చేస్తున్నాను. తిన్నావా అని అడగను. ఏదో ఒక వంక పెట్టి తిడతాను. ఆయన ఊఁ కొడుతూ వింటాడు. మధ్యలో నాకు తిట్లు అయిపోతే తనే అందిస్తాడు.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, మీ ఇంట్లోనూ వెనక సీట్లో ఎవరో ఒకరుంటారు. చీర నలుగుతుందని భుజం పట్టీ వీపు వెనక్కి తోసేసేవాళ్లు, భోజనం చేశాం కదా అని బెల్టు పొట్ట మీదికి లాక్కునేవాళ్లు, మా నాన్నలా కాళ్లు మడిచేవాళ్లు. కాళ్లు కిందికి దించమనండి, బెల్టు తుంటి ఎముకల మీదికి దించండి. వాళ్లేమన్నారో, మీరెలా ఒప్పించారో నాకు రాయండి. నొప్పి వస్తే మీకు చెప్పకుండా దాచుకుని, ఎప్పటికో బయటపెట్టిన పెద్దవాళ్లుంటే ఆ కథ కూడా రాయండి. అన్నీ మా నాన్నకి ఫోనులో చదివి వినిపిస్తాను. ఎముక పూర్తిగా అతుక్కునేదాకా ఆయనకి వంగకుండా వినడం తప్ప వేరే పనేం లేదు.